తేనెటీగల చిన్న కుటుంబానికి ధర ఎలా కట్టాలి?

(యువజనుల కూటంలో చేసిన ప్రసంగ పాఠం)



హోసూరు, డెంకణీకోట వైపు నుంచి వచ్చిన తమ్ముళ్ళూ చెల్లెళ్ళలో కొందరు పెరట్లో రెండు మూడు తేనె పెట్టెలు పెట్టుకున్నారు. ఉద్యోగమో చదువో చూసుకుంటూ, సరదాగా. ఏడాది తిరిగేసరికి పెట్టె నిండుతుంది, ఒక కుటుంబాన్ని రెండు చేయాల్సి వస్తుంది. అప్పుడు పక్కింటాయన అడుగుతాడు, "నాకొకటి ఇస్తావా? ఎంత?" అని. ఆ "ఎంత" గురించే ఇవాళ మాట్లాడతాను. నా మాట ముందే చెప్పేస్తాను. సరదాకు పెంచేవాళ్ళు సరదా ధరకు అమ్మకూడదు.

నేను చెప్పేది పుట్టల్లో, చెట్టు తొర్రల్లో కాపురముండే మన నాటు ఈగ సంగతి. దానికి మనం వాడే న్యూటన్ పెట్టె తిరుచ్చిలో పనిచేసిన జెస్విట్ ఫాదర్ న్యూటన్ గారు 1910లలో తయారుచేసింది. కింది అరలో 7 ఫ్రేములు ఉంటాయి. తర్వాత 1920లలో మార్తాండంలో వైఎంసీఏ గ్రామ కేంద్రం, స్పెన్సర్ హ్యాచ్ గారి కాలంలో, చేతిలో భూమి లేనివాళ్ళకు కూడా ఈ పని నేర్పింది. కన్యాకుమారి జిల్లాలో ఇప్పటికీ దీనిమీదే పొయ్యి వెలిగే ఇళ్ళున్నాయి. వాళ్ళు తేనెతో పాటు కుటుంబాలనూ అమ్ముతారు. మన జీతం మనకుంది కదా అని మనం సగం ధరకిస్తే, కొనేవాళ్ళు అదే ధర పట్టుకుని వాళ్ళ దగ్గరికి వెళ్ళి బేరమాడతారు. మన మంచితనానికి ఖర్చు వాళ్ళ జేబులోంచి పోతుంది.

సరే, లెక్క వేద్దాం. అంకెలు ఉదాహరణకే, మీ ఊరి రేట్లు మీరు వేసుకోండి. నాలుగు కుటుంబాలు విడదీశామనుకోండి. ఒక్కోదానికి నాలుగు కిలోల చక్కెర పాకం, కిలో 45 చొప్పున 180 రూపాయలు. విడదీసినందుకు తల్లి పెట్టెలో ఆ ఏడు తేనె తగ్గుతుంది. మూడు కిలోలు, కిలో 400 అనుకుంటే 1,200. చూసుకున్న శ్రమకు అరపూట కూలి 250. మొత్తం 1,630. పెట్టె, స్టాండు ధర వేరే. చాలామంది ఇక్కడ ఆగిపోతారు. కానీ నాలుగింటిలో ఒకదానికి రాణి కుదరలేదనుకోండి. కొత్త రాణి జత కట్టడానికి బయటికెళ్ళి పిట్ట నోట పడొచ్చు, దారి తప్పొచ్చు. అప్పుడు నాలుగింటి ఖర్చు 6,520ని మూడింటి మీద వేయాలి. ఒక్కోటి దాదాపు 2,170 అవుతుంది. దక్కనిదాని ఖర్చు కూడా ధరలోనే ఉండాలి. కోళ్ళు పెంచే మన అమ్మమ్మలకు ఈ లెక్క ఎవరూ నేర్పలేదు, వాళ్ళకు తెలుసు.

మరి బజారులో వెయ్యికే దొరుకుతోందే అంటారు. దొరుకుతుంది. అది చాలాసార్లు విడదీసి పెంచినది కాదు, తొర్ర కొట్టి పట్టుకొచ్చినది. తొర్ర వెతికి, చెట్టెక్కి, కుట్టించుకుని తెచ్చినవాడికి అందులో ముట్టేది కొంచెమే. మధ్యలో చేతులు మార్చినవాడిదే లాభం. అలా తెచ్చిన కుటుంబం కొత్త పెట్టెలో కుదురుకోక లేచిపోవడమూ మామూలే. కొంటే పట్టినవాడి దగ్గరే కొనండి. పెట్టెలో కుదురుగా నిలబడ్డాకే ఇంకొకరికి అమ్మండి.

ఇక ఏం అమ్ముతున్నామో ఫ్రేముల లెక్కలో చెప్పాలి. "ఒక పెట్టె ఈగలు" అంటే ఏమీ చెప్పనట్టే. నాలుగు ఫ్రేములు, రెండు వైపులా ఈగలు కప్పి ఉన్నాయి, వాటిలో రెండు పిల్లలవి, ఒకటి తేనె పుప్పొడులది, రాణి గుడ్లు పెడుతోంది. ఇలా చెప్పాలి, కొనేవాళ్ళ ఎదుటే ఫ్రేము ఎత్తి చూపాలి. గుడ్డు మూడు రోజులే గుడ్డుగా ఉంటుంది కాబట్టి, గుడ్డు కనబడితే మొన్నటిదాకా రాణి ఉన్నట్టే. మూసిన గదుల మూతలు ఉబ్బెత్తుగా, నడుమ చిన్న చిల్లుతో ఉంటే అవి పోతుటీగలవి. కూలి ఈగల గదుల్లోనూ అన్నీ అలాగే ఉంటే రాణి జత కట్టలేదనో, రాణి లేక కూలి ఈగలే గుడ్లు పెడుతున్నాయనో అర్థం. దాన్ని అమ్మకూడదు. విడదీసిన దగ్గర్నుంచి కొత్త రాణి గుడ్లు పెట్టేదాకా దాదాపు నాలుగు వారాలు పడుతుంది. అంతకుముందే కావాలంటే తక్కువకివ్వండి, కానీ "రాణి ఇంకా కుదరలేదు" అని నోరు తెరిచి చెప్పండి.

పిల్ల పురుగు నీళ్ళ సంచిలా మారి గదిలో చచ్చి ఉంటే ఏ ధరకూ ఇవ్వొద్దు. 1991-92లో థాయ్ శాక్‌బ్రూడ్ వైరస్ మన దక్షిణాదిలో నాటు ఈగల కుటుంబాలను చాలావరకు తుడిచిపెట్టింది. అప్పు చేసి పెట్టెలు కొన్నవాళ్ళ సంగతి ఊహించుకోండి. జబ్బు పెట్టెను అమ్మితే ఆ ఊరి పెట్టెలన్నిటికీ జబ్బు మోసినట్టే.

అమ్మే కాలమూ ముఖ్యమే. పూత మొదలయ్యే ముందు ఇస్తే ఈగ తన తిండి తాను తెచ్చుకుంటుంది. పూలు లేని వానల్లో ఇస్తే కొన్నవాళ్ళకు చక్కెర ఖర్చు, పైగా ఈగలు లేచిపోతాయనే భయం. పొద్దుగూకి ఈగలన్నీ లోపలికి చేరాక ద్వారానికి జాలీ కట్టి పంపండి. కొన్నవాళ్ళ ఇల్లు రెండు మూడు కిలోమీటర్ల లోపలే ఉంటే మేతకెళ్ళిన ఈగలు మళ్ళీ మీ పెరట్లోకే వస్తాయి. కొన్ని వారాలు దూరంలో ఎక్కడైనా ఉంచి తర్వాత చేర్చాలి.

ఇంత ధర పెడితే లేనివాళ్ళు ఎలా కొంటారన్నా అని పొద్దున ఒక చెల్లి అడిగింది. అడగాల్సిన ప్రశ్నే. ధర తగ్గించకండమ్మా, పాలుకు ఇవ్వండి. మన పల్లెల్లో ఆవుదూడను, గొర్రెను పాలుకిచ్చే పద్ధతి ఉందిగా. కుటుంబం ఇవాళ ఇవ్వండి, డబ్బు తీసుకోవద్దు. వచ్చే పూతకు అది రెండైతే ఒకటి మీకు, ఒకటి వాళ్ళకు. తేనె మొత్తం వాళ్ళదే. నెలకు రెండుసార్లు వెళ్ళి పెట్టె తెరిచి చూపిస్తూ ఉండండి, లేకపోతే చీమలకో మైనపు పురుగుకో పోతుంది. ఈగలు లేచిపోతే వాళ్ళమీద బాకీ ఉండదని ఇచ్చే రోజునే ఇద్దరు మనుషుల ఎదుట అనుకుని, ఒక కాగితం మీద రాసుకోండి.