లెన్సు మార్చే ముందు చోటు మార్చండి

(సంఘం వార్షికోత్సవ సభలో ఒక విశ్రాంత సుబేదార్ చేసిన ప్రసంగ పాఠం)



సర్వీసులో ఉన్నవాళ్ళు, పెన్షన్‌కి వచ్చినవాళ్ళు చాలామంది మంచి కెమెరాలు కొంటున్నారు. కొన్న వారం రోజులకే "సాబ్, ఇంకే లెన్సు కొనమంటారు?" అని అడుగుతున్నారు. ఆ ప్రశ్నకే ఈరోజు జవాబు చెబుతాను. నేను చదివింది ఇంటర్మీడియట్ వరకే. కాబట్టి లెక్కలతో మిమ్మల్ని భయపెట్టను.

లెన్సు మీద 24, 50, 200 అని మిల్లీమీటర్లలో రాసి ఉండే అంకె ఫోకల్ లెంగ్త్. మన పాఠ్యపుస్తకాల్లో దాన్నే నాభ్యంతరం అన్నారు. ఫౌజీ భాషలో చెప్పాలంటే అది ఆయుధానికి ఇచ్చే ఆర్క్ ఆఫ్ ఫైర్ లాంటిది. ఫుల్‌ఫ్రేమ్ కెమెరాలో 24 లెన్సు మూల నుంచి మూలకు సుమారు 84 డిగ్రీలు చూస్తుంది. 50 లెన్సు 47 డిగ్రీలు, 200 లెన్సు 12 డిగ్రీలు మాత్రమే చూస్తాయి. చిన్న ఏపీఎస్-సి సెన్సర్ ఉన్న కెమెరాలో అదే 50 లెన్సు 75 లేక 80 లెన్సులాగా పని చేస్తుంది.

వైడ్ లెన్సు దూరాలను సాగదీస్తుందని, టెలీ లెన్సు దగ్గరకు నొక్కేస్తుందని అంటారు. అసలు ఆ పని చేసేది మనం నిలబడిన చోటు. రిపబ్లిక్ డే ఫోటోలు గుర్తు తెచ్చుకోండి. కర్తవ్య పథ్ మీద, అంటే 2022 వరకు మనం రాజ్‌పథ్ అన్న దారి మీద, ఒక కాంటింజెంట్ వెనకే ఇంకోటి ఆనుకుని వస్తున్నట్టు కనిపిస్తాయి. మధ్యలో ఎంత జాగా వదులుతారో కవాతు చేసినవాళ్ళకు తెలుసు. ఫోటోగ్రాఫరు చాలా దూరంలో ఉన్నాడు. అంత దూరం నుంచి ముందు వరుసకూ వెనక వరుసకూ సైజులో తేడా తగ్గిపోతుంది. పొడుగు లెన్సు ఆ దృశ్యంలో చిన్న ముక్క తీసుకుని పెద్దది చేసింది, అంతే.

నమ్మకం కుదరకపోతే ఒక ఎక్సర్‌సైజు చేయండి. ఇంట్లోవాళ్ళను ఒక చెట్టుకు కాస్త ముందు నిలబెట్టండి. 50 లెన్సుతో రెండు మీటర్ల నుంచి, 24 తో ఒక మీటరు నుంచి, 200 తో ఎనిమిది మీటర్ల నుంచి తీయండి. మూడింటిలోనూ మనిషి ఇంచుమించు ఒకే సైజులో వస్తారు. చెట్టు మాత్రం మొదటి దాంట్లో ఒకలా, 24 లో చిన్నగా, 200 లో వీపు వెనకే పెద్దగా నిలబడుతుంది. ఇదంతా అర్థమైతే సగం విద్య వచ్చినట్టే.

ఇక వాడకం. విశాఖ బీచ్ రోడ్డులో కుర్సురా జలాంతర్గామి ఉంది, 2002 నుంచి మ్యూజియంగా. 91 మీటర్ల పొడవు. 24 లెన్సుతో దాని ముక్కు దగ్గర కిందికి కూర్చుని తీస్తే ఉక్కు తిమింగలం మీదికి వస్తున్నట్టుంటుంది. అదే వైడ్ లెన్సును మనిషి మొహానికి దగ్గర పెడితే ముక్కు పెద్దదై, చెవులు వెనక్కి పోతాయి. మొహానికి 85 లేక 105 తగిలించి రెండడుగులు వెనక్కి వేయండి. 200 చేత్తో పట్టుకుంటే షట్టరు సెకనులో 200వ వంతు కన్నా నెమ్మదిగా ఉంచవద్దు. దీపావళికి కెమెరాను ట్రైపాడ్ మీద పెట్టి, షట్టరు సెకను సేపు తెరిచి జూమ్ రింగు తిప్పండి. దీపాలన్నీ గీతలై మధ్య నుంచి విరజిమ్ముతాయి.

లెన్సు మార్చేటప్పుడు కెమెరా ఆఫ్ చేసి, గాలికి వీపు పెట్టి, కెమెరా నోరు కిందికి ఉంచండి. రాజస్థాన్ ఇసుక రైఫిల్‌ని వదలదు, సెన్సర్‌ని వదులుతుందా? లడఖ్ చలిలోంచి వెచ్చని గదిలోకి వస్తే కెమెరాను కాసేపు పాలిథిన్ సంచిలోనే ఉంచండి, తేమ పట్టదు.

ఇప్పుడు అసలు మాట. అమరుడైన జవాన్ ఇంటికి మనలో చాలామంది వెళ్ళి ఉంటారు. గోడ మీద పాస్‌పోర్టు సైజు నుంచి పెద్దది చేసిన ఫోటో ఉంటుంది, దండ ఉంటుంది. మొహం ఉంది. అతను నవ్వేటప్పుడు ఎలా ఉండేవాడు, ఎవరి భుజం మీద చెయ్యి వేసేవాడు, ఎక్కడ కూర్చుని తినేవాడు — అవేమీ అందులో లేవు. కోర్సు గ్రూప్ ఫోటోలో చూద్దామంటే మొహం బియ్యపు గింజంత. వాళ్ళ అమ్మకు మనం ఏ ఫోటో చూపిస్తాం?

అందుకే 35 లెన్సు ఒకటి దగ్గర పెట్టుకోండి. లంగర్లోనో వాలీబాల్ ఆడేచోటో సాథీని రెండు మీటర్ల దగ్గర నుంచి తీయండి. మనిషీ ఉంటాడు, అతని చోటూ ఉంటుంది. అయితే అనుమతి ఉన్న చోటే తీయండి. 1923 నాటి అధికార రహస్యాల చట్టం కెమెరాకీ వర్తిస్తుంది. ఫోన్‌తో తీస్తే లొకేషన్ ఆఫ్ చేయండి. సెలవుకి ఊరెళ్ళినప్పుడు అమ్మానాన్నలను కూడా ముస్తాబు చేసి కుర్చీలో కూర్చోబెట్టకుండా, వంటింట్లో, పొలం గట్టు మీద తీయండి.

ఎక్కువ లెన్సులు లేవని బెంగ వద్దు. 1948 జనవరిలో గాంధీజీ చివరి రోజులను ఫోటోలు తీసిన ఫ్రెంచివాడు కార్టియే-బ్రెసాఁ తన జీవితంలో ఎక్కువ భాగం 50 లెన్సుతోనే గడిపాడు. మిగతా పని కాళ్ళతో చేశాడు. ఒక నెల ఒకే లెన్సుతో తిరగండి. ఇంకో అడుగు ముందుకు వేయాలా, వెనక్కి వేయాలా అని ప్రతిసారీ ఆలోచించండి. కొత్త లెన్సు అవసరమో లేదో ఆ నెల తరువాత మీకే తెలుస్తుంది.

జై హింద్.