తపాలా ముద్రలో మన రాజమహల్



"గోండులకు రాజమహళ్లు ఎక్కడివి?" అని మన పిల్లలను బడిలో అడిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. జవాబు తెలియక పిల్లలు తల దించుకుంటున్నారు. తప్పు వాళ్లది కాదు, చెప్పని మనది.

మధ్యప్రదేశ్‌లోని మండ్లా దగ్గర, నర్మద ఒడ్డున రామ్‌నగర్ ఉంది. అక్కడి మోతీ మహల్ గోండు రాజు హృదయ్ షా కట్టించినది. బుందేలాల దాడిలో చౌరాగఢ్ చేజారాక ఆయన రాజధానిని రామ్‌నగర్‌కు మార్చాడు. 1667 నాటి సంస్కృత శాసనం ఒకటి అక్కడ ఉంది. యదురాయ మొదలు హృదయ్ షా వరకు గఢా-మండ్లా రాజుల పేర్లు అందులో వరుసగా చెక్కించారు. మన గూడేల్లో ప్రధాన్‌లు కిక్రి వాయిస్తూ వంశాల కథలు పాడతారు కదా, అక్కడ ఆ పనే రాయి చేసింది. పాట ఆగిపోతే వంశం మరుగున పడుతుంది, రాయి అరిగిపోయినా అంతే.

1564 జూన్ 24న మొగల్ సేనతో పోరాడి ప్రాణమిచ్చిన రాణి దుర్గావతి ఈ రాజవంశపు కోడలే. 1988లో తపాలా శాఖ ఆమె పేరిట స్టాంపు విడుదల చేసింది.

స్టాంపు గురించి అందరికీ తెలుసు, బొమ్మ ముద్ర గురించి కొందరికే తెలుసు. పేరున్న చోట్ల కొన్ని పోస్టాఫీసుల్లో మామూలు గుండ్రటి ముద్రతో పాటు అక్కడి కోట, గుడి లేదా మహల్ బొమ్మ ఉన్న ముద్ర కూడా ఉంచుతారు. స్టాంపు అంటించిన కార్డు ఇచ్చి అడిగితే దాని మీద ఆ ముద్ర వేస్తారు. ఊరి పేరు, తేదీ, బొమ్మ మూడూ కలిసి ఆ కార్డు ఎక్కడికి వెళితే అక్కడికి వెళతాయి.

అందుకే మేం కోరేది ఒక్కటే. మోతీ మహల్ లాంటి గోండు కట్టడాలు బొమ్మ ముద్రల్లో కనిపించాలి. మన సంఘాలన్నీ కలిసి తపాలా శాఖకు అర్జీ పెడదాం. అర్జీతో పాటు మంచి ఫోటో, కట్టడం చరిత్ర ఒక పేజీ జతచేద్దాం. ఈలోగా ప్రతి గూడెంలో ప్రధాన్‌ల పాటలు రికార్డు చేద్దాం, కూలుతున్న మన కోటగోడల ఫోటోలు తీసి పెడదాం.

రేపు బడిలో ఎవరైనా అదే ప్రశ్న అడిగితే మన పిల్ల సంచిలోంచి ఒక కార్డు తీసి చూపించాలి. అప్పుడు తల దించుకోవలసిన పని ఉండదు.

జై సేవా.