తొమ్మిది – ఆరు – రెండు
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆటల గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. క్రికెట్ అనుకొని ఉంటారు. నేను బేస్‌బాల్ గురించి చెబుతాను. అమెరికాలో అమ్మాయి ఇంట ఉన్న ఆరు నెలలూ మనవడు పక్కన కూర్చోబెట్టుకొని ఆ ఆట నేర్పాడు.

బంతిని ప్రేక్షకుల్లోకి కొట్టే హోమ్‌రన్ అంటే అందరికీ ఇష్టం. నాకు ఇష్టమైనది ఫీల్డింగులో రిలే. మైదానంలో 90 అడుగులకొకటి చొప్పున నాలుగు బేసులుంటాయి. అన్నీ తాకి, చివరిదైన హోమ్‌కు చేరితే ఒక పరుగు. బంతి మైదానం చివరకు పోతే, అక్కడి ఫీల్డరు ఒక్క విసురులో హోమ్‌కు చేర్చడం కష్టం. అందుకని మధ్యలో ఒకడు చేతులెత్తి నిలబడతాడు. బంతి అందుకొని, గిరుక్కున తిరిగి, హోమ్ దగ్గరున్న క్యాచరుకు అందిస్తాడు. క్యాచరు ఆ బంతితో పరుగెత్తే వాణ్ణి తాకితే అవుట్.

మన గుమాస్తాలకు నచ్చే సంగతి ఇంకొకటుంది. అక్కడ ఒక్కో స్థానానికి ఒక్కో నంబరు. బంతి ఎవరెవరి చేతులు మారిందో స్కోరు పుస్తకంలో వరుసగా రాస్తారు. విసిరిన ప్రతివాడికీ ‘అసిస్ట్’ అని లెక్క కడతారు. మన పేపర్లలో చాలాకాలం ‘రనౌట్’ అని ఒక్క ముక్క వేసి ఊరుకునేవారు.

2001 అక్టోబరు 13న ఓక్లాండ్‌లో జరిగిన ఆట మనవడు నాకు వీడియోలో చూపించాడు. న్యూయార్క్ యాంకీస్ అప్పటికే రెండు ఆటలు ఓడింది. ఇదీ ఓడితే ఇంటికే. 1-0 ఆధిక్యంలో ఉండగా, ఏడో ఇన్నింగ్స్‌లో ఓక్లాండ్ ఆటగాడు జెరెమీ జియాంబీ హోమ్ వైపు పరుగెత్తుతున్నాడు. కుడి మూల నుంచి షేన్ స్పెన్సర్ విసిరిన బంతి, రిలేకు నిలబడ్డ ఇద్దరి తలల మీదుగా పోయింది. డెరెక్ జీటర్ మైదానానికి అడ్డంగా పరుగెత్తి వచ్చి, దాన్ని పట్టి, పక్కకు విదిలించాడు. క్యాచర్ హోర్హే పొసాడా అందుకొని జియాంబీని తాకాడు. అవుట్! యాంకీస్ ఆ ఆట 1-0తోనూ, సిరీస్ 3-2తోనూ గెలిచింది.

లోకమంతా జీటర్‌నే మెచ్చుకుంది. పుస్తకంలో మాత్రం 9-6-2 అని ఉంది. గురి తప్పినా, స్పెన్సర్‌కు కూడా అసిస్ట్ దక్కింది.

అది చూసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. 1986లో మా ఆఫీసులో చనిపోయిన ఒక ఉద్యోగి సర్వీసు రిజిస్టరు కనబడక, ఆయన భార్యకు ఫ్యామిలీ పెన్షన్ ఆగిపోయింది. మా రికార్డు అసిస్టెంటు రెండు ఆదివారాలు దుమ్ములో కూర్చొని కట్టలన్నీ విప్పి దాన్ని వెలికి తీశారు. నేను చేసిందల్లా నోటు రాసి పైకి పంపడం. ఆఫీసరు గారు అందరి ముందూ నన్ను మెచ్చుకున్నారు. నేను ఆయన పేరెత్తలేదు. తరువాతైనా ఎత్తలేదు.

ఆయన ఈ రోజు మూడో వరుసలో కూర్చున్నారు. అన్నగారూ, ఆ రోజు మొదటి విసురు మీది. ఇంత ఆలస్యంగానైనా, మన సభ పుస్తకంలో ఆ అసిస్ట్ మీ లెక్కలో రాయమని కార్యదర్శి గారిని కోరుతున్నాను.