కుమ్మరి గాడిద



కాకి తాటిచెట్టుపై వ్రాలెను. అంతలో తాటిపండు రాలెను. కాకి వ్రాలుటచేతనే పండు రాలినదనుకొనుట మనుష్య సహజము. కాకతాళీయమను మాట దీనినుండియే పుట్టినది. ఒకదాని వెనుక మరొకటి జరిగినంతమాత్రమున మొదటిది కారణము కానేరదని పెద్దలు ఏనాడో గ్రహించిరి. అయినను బిడ్డకు జ్వరము తగిలిన రాత్రి ఈ వివేకము ఎవరికిని నిలువదు.

తర్కసంగ్రహమును రచించిన అన్నంభట్టు ఆంధ్రుడు. తర్కమునకు ఓనమాలు దిద్దువారికి నేటికిని ఆ చిన్న గ్రంథమే తొలి పాఠము. కార్యమునకు ముందు నియమముగ నుండునది కారణమని శాస్త్రము. అది యొక్కటే చాలదు. కుండకు ముందు మన్ను, సారె, కుమ్మరి యున్నట్లే, మన్ను మోసిన గాడిదయు నున్నది. గాడిద కుండకు కారణమా? మన్నును బండిపై తెచ్చినను కుండ కుండయే యగును గదా! ఇట్టిదానిని అన్యథాసిద్ధమందురు. ఒకటి యున్నచో రెండవది యుండుట అన్వయము. అది లేనిచో ఇదియు లేకుండుట వ్యతిరేకము. అన్వయము కంటికి తానే కనబడును. వ్యతిరేకమును వెదకి పట్టుకొనవలెను.

ఒక వృద్ధ వితంతువు వీధివెంట నడచిపోయినది. మరునాడు ఒక యింట పిల్లవానికి చలిజ్వరము. చేతబడి యను నెపముతో దెబ్బలు తిన్నవారును, ఊరు వెడలగొట్టబడినవారును, ప్రాణములే కోల్పోయినవారును తెలుగునాట నున్నారు. ఆమె నడచిన యిండ్లలో జ్వరము రానివి యెన్ని? ఆమె యెన్నడును త్రొక్కని వీధిలో జ్వరమే లేదా? ఈ రెండు ప్రశ్నలును అడుగకయే తీర్పు ముగియును.

పామరులననేల? ఈ చలిజ్వరము విషయముననే పండితలోకము శతాబ్దములపాటు గాడిదను పట్టుకొని వ్రేలాడినది. బురదనేలలు, రాత్రిగాలి యున్నచోట జ్వరము మెండు; కావున చెడుగాలియే కారణమనిరి. మలేరియా యను ఇటలీ మాటకు అర్థమదియే. వారు చూచినది అబద్ధము కాదు. మడుగులను ఎండగట్టినచోట జ్వరము తగ్గెను గూడ! తప్పుకారణమును నమ్మి ఒప్పుపని చేసినవాని నమ్మకమును కదల్చుట మహాకష్టము.

రోగి రక్తములోని సూక్ష్మజీవిని లావెరాన్ అను ఫ్రెంచి వైద్యుడు 1880లో కనుగొనెను. రోనాల్డ్ రాస్ ఎన్నో దోమలను కోసి చూచి విసిగెను, ఏమియు కానరాలేదు. తుదకు, రెక్కలపై మచ్చలుగల వేరొక జాతి దోమకు రోగిరక్తము త్రాగించి, 1897 ఆగస్టు 20న మన సికిందరాబాదులోనే దాని కడుపుగోడలో ఆ జీవి జాడను చూచెను.

అయినను ఒక చిక్కు మిగిలెను. బురదచెంత గాలియు దోమయు కలిసియే యుండును, విడదీయుటెట్లు? 1900లో మాన్సన్ అను స్కాట్లాండు వైద్యుని ప్రేరణచే సాంబన్, లో అను ఇరువురు వైద్యులు రోము నగర ప్రాంతమున జ్వరమునకు పేరుమోసిన బురదనేలలో, దోమలు దూరని తెరలు బిగించిన గుడిసెలో నివసించిరి. ప్రొద్దుగ్రుంకకముందే లోనికి చేరువారు. చుట్టుప్రక్కలవారు జ్వరపడుచుండగా, ఆ రాత్రిగాలినే పీల్చుచు, క్వినైను ముట్టకయే మాసములు గడపిరి. వారికి జ్వరము రాలేదు. ఇది వ్యతిరేకము.

ఆ యేటనే రోమునుండి, రోగుల రక్తము త్రాగిన దోమలను లండనుకు పంపిరి. అక్కడ ఆ బురదయు లేదు, ఆ గాలియు లేదు. మాన్సను కుమారుడు తానే యొప్పుకొని చేయిచాపి వానిచే కుట్టించుకొనెను. కొన్నాళ్లకు చలిజ్వరము వచ్చెను. అతని రక్తములో ఆ జీవి కనబడిన పిమ్మటనే క్వినైను ఇచ్చిరి, అతడు కోలుకొనెను.