సుత్తి దాచిన రివాల్వరు

తొందరగా గడప దాటుచున్నపుడు ఉత్తరీయపు కొస తలుపు గడియకు తగులుకొని మనలను వెనుకకు లాగుట అందరికిని అనుభవమైన విషయమే. గృహస్థునకు అది చిన్న చికాకు. కాని కోటు జేబులో చిన్న రివాల్వరు దాచుకొని తిరుగు అమెరికా దేశపు రహస్య పోలీసునకు అది ప్రాణసంకటము. రివాల్వరు వెనుక పైకి పొడుచుకొని యుండు కొక్కెము జేబు లోపలి గుడ్డకు తగులుకొనినచో, ఆయుధము చేతికి వచ్చులోపలనే అదను తప్పిపోవును. ఆ కొక్కెమును ఉంచవలెనా, తీసివేయవలెనా అను వివాదము పుట్టి నూట డెబ్బది సంవత్సరములు దాటినది.

ముందుగా యంత్రమును గూర్చి రెండు మాటలు. రివాల్వరులో తూటాను పేల్చునది సుత్తి. అది వెనుకకు లేచి, ముందునకు పడి, తూటా అడుగుననున్న మందును రగుల్చును. సుత్తిని ఎత్తుటకు రెండు దారులు కలవు. బొటనవ్రేలితో కొక్కెమును వెనుకకు లాగి నిలుపుట యొకటి. అపుడు మీటను మూడు నాలుగు పౌన్ల బలముతో తాకినంతనే తుపాకి పేలును. మీటనే బలముగా చివరివరకు లాగుట రెండవది. ఆ ఒక్క లాగుతోనే తూటాల చక్రము తిరిగి, సుత్తి లేచి పడును. దీనికి పది పండ్రెండు పౌన్ల బలము కావలెను. మొదటిది తేలిక, గురి కుదురును. రెండవది బరువు, కాని పొరపాటున పేలుట అరుదు. వివాదమంతయు ఈ బరువు తేలికల నడుమనే యున్నది.

1851లో ఇంగ్లండునందు రాబర్ట్ ఆడమ్స్ నిర్మించిన రివాల్వరు సుత్తికి కొక్కెమే లేదు; మీటను లాగుటయే గతి. ఆ సంవత్సరము లండను మహాప్రదర్శనమున అది అమెరికావాడైన కోల్టు తుపాకులకు పోటీగా నిలిచినది. కోల్టు తుపాకికి ప్రతిసారియు సుత్తిని చేతితో ఎత్తవలెను. 1856లో బోమంట్ అను సైనికోద్యోగి ఆడమ్స్ తుపాకికి కొక్కెమును జోడించి, రెండు దారులను ఒకే ఆయుధమున చేర్చెను. తరువాతి రివాల్వర్లలో పెక్కింటికి అదియే మార్గమైనది.

1887లో స్మిత్ అండ్ వెస్సన్ సంస్థ సుత్తిని పూర్తిగా లోపల మూసివేసిన జేబు రివాల్వరును వెలువరించినది. పిడి వెనుకనున్న పలకను అరచేతితో గట్టిగా అదిమిపట్టినగాని అది పేలదు. నిమ్మకాయ పిండునట్లు పట్టుకొనవలసియుండుటచే దానికి నిమ్మపిండు అను ముద్దుపేరు వచ్చినది. ఒక పసివాడు తుపాకితో ఆడుకొని గాయపడిన వార్త విని డేనియల్ వెస్సన్ దీనికి పూనుకొనెనని ఒక కథ కలదు. ఆ కథ ఎంతవరకు నిజమైనను, ఇంటిలోని పిల్లల భయము ఆ నిర్మాణమున కనబడుచునే యున్నది. దీనిని సుత్తి లేని రివాల్వరనుట వాడుకయే గాని, సరియైన మాట కాదు. సుత్తి ఉన్నది, కంటికి కనబడదు, అంతే.

సుత్తి బయట నున్నచో గుడ్డకు తగులుకొని తీరునని భావింపరాదు. 1901 సెప్టెంబరు 6న బఫెలో నగరమున జనులకు కరచాలనము చేయుచున్న అమెరికా అధ్యక్షుడు మెకిన్లీని చోల్గోష్ అను వాడు కాల్చెను. వాని చేతిలోనిది సుత్తి బయటికి కనబడు ఐవర్ జాన్సన్ రివాల్వరు. దానిపై చేతిరుమాలు చుట్టి యుండెను. గుడ్డ ఆ సుత్తిని ఆపలేదు. రెండు గుండ్లు వెడలినవి. ఎనిమిది దినములకు, 14వ తేదీన, అధ్యక్షుడు మరణించెను.

సైనికులకును ఈ చిక్కు తప్పలేదు. టాంకుల యిరుకులో కొక్కెము సామగ్రికి తగులుకొనుచున్నదని బ్రిటిషువారు 1938లో తమ ఎన్‌ఫీల్డు రివాల్వరునకు దానిని తీసివేసిరి. బరువైన మీటతో గురి కుదురదని వాడినవారిలో పలువురు సణుగుకొనిరి.

పరిష్కారములు మూడుగా తేలినది 1950 దరిమిలా. ఆ సంవత్సరము స్మిత్ అండ్ వెస్సన్ ఐదు తూటాల చిన్న రివాల్వరును, సుత్తి బయట నుంచి, పోలీసు అధిపతుల మహాసభలో ప్రదర్శించినది. వారే దానికి చీఫ్స్ స్పెషల్ అను పేరును ఎన్నుకొనిరి. 1952లో సంస్థ శతవార్షికమునకు సెంటెన్నియల్ వచ్చినది; దాని సుత్తి పూర్తిగా లోపలనే. 1955లో వచ్చిన బాడీగార్డు మధ్యేమార్గము: సుత్తికి ఇరువైపుల గోడలు లేచి, కొన మాత్రము పైకి కనబడును. అది జేబునకు తగులుకొనదు, కావలసిన బొటనవ్రేలితో ఎత్తవచ్చును. కాని ఆ సందులో జేబులోని దుమ్ము, నూలుపోగులు చేరును.

ఇక ఏది మేలు? దూరమున నిదానముగా గురిచూచి కొట్టుటకు బయటి సుత్తియే మేలు. కాని ఎత్తిన సుత్తిని పేల్చకుండ మరల దించుట ప్రమాదకరమైన పని. బొటనవ్రేలు జారినచో తుపాకి పేలును. అంతకంటె పెద్ద ప్రమాదము మరియొకటి. భయముతో వణకుచున్న మనిషి ఎత్తిన సుత్తితో మరియొకని ఎదుట నిలుచున్నపుడు, వ్రేలి చిన్న అదురుపాటు చాలును, అనుకోని ప్రాణము పోవుటకు. అందుచేతనే లాస్ ఏంజెలిస్ వంటి కొన్ని నగరముల పోలీసు శాఖలు, సుత్తిని ముందుగా ఎత్తుటకు వీలులేకుండ తమ రివాల్వర్లను మార్పించినవి. బరువైన మీటకు దోషము లేకపోలేదు. సాధన లేనివాని గురి తప్పి, గుండు దారిన పోవువానికి తగులవచ్చును. అయినను, జేబులో నుండు తుపాకికి లోపలి సుత్తియే తగినదని నా అభిప్రాయము. సాధనతో గురిని సరిచేసికొనవచ్చును. వెడలిన గుండును మరల పిలువలేము.

మన దేశమున 1959 నాటి ఆయుధముల చట్టము ప్రకారము లైసెన్సు లేక రివాల్వరు ఉంచుకొనుట నేరము. లైసెన్సుగల కొలదిమంది యిండ్లలో తుపాకి జేబులో గడపు కాలముకంటె బీరువాలో గడపు కాలమే యెక్కువ. అక్కడ సుత్తి లోపల నున్నదా, బయట నున్నదా అను ప్రశ్నకు విలువ తక్కువ. బరువైన మీటను పసివాడు ఒక వ్రేలితో లాగలేకపోయినను, రెండు చేతులతో లాగగలడు. తూటాలు తీసి వేరుగా దాచి, బీరువాకు తాళము వేసి, తాళపుచెవిని పిల్లలకు అందని చోట ఉంచుట ఇంటి పెద్ద చేయవలసిన పని. దానిని ఏ కంపెనీవాడును తుపాకిలో అమర్చి యీయలేడు.