మంద్రతంత్రి, లేతవ్రేళ్ళు

ఆ సంక్రాంతి పండుగకు మా అక్కగారి కుమారుడు హైదరాబాదునుండి మా యింటికి వచ్చినాడు. పందొమ్మిదేండ్లవాడు, ఇంజనీరింగు రెండవ సంవత్సరము చదువుచుండెను. భోజనమునకు కూర్చున్నప్పుడు ఒక సంగతి నా కంటబడినది. మంచినీళ్ళ గ్లాసును వాడు ఎడమచేతి వ్రేళ్ళతో పట్టుకొనుట లేదు. బొటనవ్రేలికిని అరచేతికిని నడుమ ఇరికించి పైకెత్తుచున్నాడు. ఉంగరపువ్రేలు మాత్రము కఱ్ఱవలె బిగిసి, తక్కిన వ్రేళ్ళతో సంబంధము లేనట్లు విడిగా నిలిచియున్నది.

"ఏమిరా అబ్బాయీ, వ్రేలికేమైనది?" అంటిని. "ఏమీ లేదు మామయ్యా" అని గ్లాసు దించివేసినాడు. రాత్రి మేడమీద ఇద్దరమే యున్నప్పుడు మరల అడుగగా అప్పుడు చెప్పినాడు. "రెండు నెలలనుంచీ నొప్పి మామయ్యా. పొద్దున లేవగానే వేలు మడతపడదు. అమ్మకు చెప్పవద్దు. గిటారు అమ్మేయమంటుంది. మార్చిలో మా కచేరీ ఉంది."

వాడు వాయించునది బేస్ గిటారు. సినిమాపాటలు వినువారందరును ఈ వాద్యమును వినియే యుందురు గాని, ఇది ఫలానా వాద్యమని గుర్తించువారు కొద్దిమంది. పాటకు అడుగున, పునాదివలె, గంభీరముగా నడచు మంద్రధ్వని దీనిదే. పూర్వము ఆ పనిని మనిషియెత్తుండు డబుల్ బేస్ చేయుచుండెను. దానిని ఊరూర మోసికొనిపోవుట కష్టము. బృందము పెద్దదైనచో దాని ధ్వని తక్కిన వాద్యములలో మునిగిపోవును. 1951లో అమెరికాలో లియో ఫెండరు అను వాద్యనిర్మాత 'ప్రెసిషన్ బేస్' అను పేర ఒక వాద్యమును విపణికి తెచ్చినాడు. గిటారు రూపము, మెడపై మెట్లు, విద్యుత్తుతో పెరుగు ధ్వని. నాటినుండి ఈ వాద్యమునకు వ్యాప్తి కలిగినది. మోయుట తేలికయైనది గాని, వ్రేళ్ళ శ్రమ మాత్రము మిగిలియే యున్నది.

ఆ శ్రమ యెంతటిదో కొలతలు చెప్పినగాని తెలియదు. మామూలు గిటారుపై మిక్కిలి లావైన తీగ యెంత లావుండునో, బేస్ గిటారుపై మిక్కిలి సన్నని తీగ ఇంచుమించు అంత లావుండును. ఒక్కొక్క తీగయు పదునెనిమిది, ఇరువది కిలోల బిగువుతో లాగబడియుండును. తీగ మ్రోగు పొడవు సాధారణముగా 34 అంగుళములు. ఆ లెక్కన మొదటి నాలుగు మెట్లే ఏడంగుళముల మేర నాక్రమించును. మెట్టుకొక వ్రేలు చొప్పున నాలుగు వ్రేళ్ళును పరచి యుంచవలెనని నేర్పుట కద్దు. అనగా చూపుడువ్రేలినుండి చిటికెనవ్రేలివరకు ఇంచుమించు అయిదంగుళములు చాచి, ఆ చాచిన స్థితిలోనే ఒక్కొక్క వ్రేలిని వేరుగా నొక్కవలెను. మీ యింట పిల్లల స్కేలు ఉన్నచో దానిపై ఎడమచేయి పరచి చూడుడు. మన వీణపై ఎడమచేతి చూపుడు, నడిమి వ్రేళ్ళే ముఖ్యముగా పని చేయును. ఉంగరపువ్రేలు, చిటికెనవ్రేలు ఆ శ్రమనుండి తప్పించుకొన్నవి. బేస్ వాద్యకునకు ఆ రెండు బలహీనపు వ్రేళ్ళును కూలికి పోక తప్పదు.

ఇక వ్రేలి నిర్మాణము. వ్రేలిని మడచు కండరములు వ్రేలిలో లేవు. అవి మోచేతికి దిగువ, ముంజేతిలో నున్నవి. అక్కడినుండి స్నాయువులు, అనగా గట్టి త్రాళ్ళవంటివి, మణికట్టులోని ఇరుకు దారిగుండ వచ్చి, వ్రేళ్ళలోని చిన్న చిన్న కప్పీలవంటి పట్టీలక్రింద సాగి, ఎముకలకు అంటుకొనియున్నవి. వ్రేలికొన తీగపై మోపు బరువుకంటె లోపల కీలుపై పడు బరువు అనేక రెట్లు. అందులోను ఉంగరపువ్రేలి త్రాడు ప్రక్కవ్రేళ్ళ త్రాళ్ళతో ముడిపడియుండును. పిడికిలి బిగించి ఉంగరపువ్రేలిని మాత్రమే పైకెత్త ప్రయత్నించినచో ఈ సంగతి అనుభవమునకు వచ్చును. ప్రకృతి దానిని స్వతంత్రునిగా సృష్టింపలేదు.

ఇంకొక చిన్న పరీక్ష. శ్రోతలు కూర్చున్నచోటనే చేయవచ్చును. మణికట్టును లోపలివైపునకు పూర్తిగా వంచి, అట్లే యుంచి పిడికిలి బిగింపుడు. పిడికిలి సరిగా మూసికొనదు, మూసికొన్నను బలముండదు. మణికట్టును తిన్నగా చేసినతోడనే బలము తిరిగి వచ్చును. ఈ కాలపు కుఱ్ఱవాండ్రు గిటారును మోకాళ్ళదాక వ్రేలాడదీసికొని వాయింతురు. అది వేషము. ఆ వేషమువలన ఎడమచేతి మణికట్టు మడతపడును. తగ్గిన బలమునకు బదులుగా వ్రేళ్ళు రెట్టింపు పాటుపడును. భుజముపై పట్టీని నాలుగంగుళములు కురచ చేయుమని చెప్పగా మావాడు, "స్టేజిమీద బాగుండదు మామయ్యా" అన్నాడు.

ఇచట నా సంగతియు కొంచెము చెప్పుకొనవలసియున్నది. పండ్రెండవ యేట నేను వీణ మొదలుపెట్టినాను. పదునెనిమిదవ యేట ఎడమచేతి నడిమివ్రేలి కొనకీలులో నొప్పి పుట్టినది. తీగను లాగి గమకము పలికించునప్పుడెల్ల సూది గ్రుచ్చినట్లుండెను. నాకు పాఠము చెప్పినవారు, "నొప్పి పోవుదాక వాయించు, అదియే మందు" అన్నారు. వారి ఉద్దేశము మంచిదే. వారికిని ఎవరో అట్లే చెప్పియుందురు. నేనును వైద్యుని దగ్గరకు పోలేదు, ఇంట ఎవరికిని చెప్పలేదు. నొప్పి యని చెప్పుకొనుట సోమరితనమునకు సాకు అనుకొందురేమో యని భయము. ఒక సంవత్సరము అట్లే గడచినది. తరువాత పరీక్షలని వీణను మూలపెట్టితిని, మరల తీయలేదు. ఇరువదియైదేండ్లుగా ఇతరుల వీణావాదనమును ప్రసారము చేయుటే నా వంతైనది. అందుచేత ఆ రాత్రి మేడమీద మేనల్లుని మాట విన్నప్పుడు, దానిని తేలికగా తీసికొనలేకపోతిని.

మరునాడు అక్కతో చెప్పక తప్పలేదు. ఆమె తీర్పు వెంటనే వచ్చినది: "ఎప్పుడూ మెటికలు విరుస్తుంటాడు, అందుకే." ఈ నమ్మకము చాల యిండ్లలో కలదు. అమెరికాలో డొనాల్డు అంగరు అను వైద్యుడు తల్లి మాట నిజమో కాదో తేల్చుకొనుటకై ఏబదియేండ్లపాటు ఒక్క యెడమచేతి మెటికలే విరిచి, కుడిచేతిని విడిచిపెట్టినాడు. తుదకు రెండు చేతులను పోల్చి చూడగా కీళ్ళవాతము దేనికిని రాలేదు. 1998లో ఆ సంగతిని వైద్యపత్రికలో ప్రకటించినాడు. 2009లో దానికి హాస్యపు నోబెలు బహుమానము కూడ వచ్చినది. అక్క ఈ కథ విని, "వాళ్ళమ్మకెంత బాధో" అన్నది.

కీళ్ళ వైద్యుని యొద్దకు పోయితిమి. ఆయన ముందు మందు వ్రాయలేదు, ప్రశ్నలు వేసినారు. ప్రొద్దున లేచినప్పుడు వ్రేళ్ళ బిగువు ఎంతసేపుండును? ఒక్క కీలేనా, అనేకములా? రెండు చేతులలోనా? వాపు, వేడి యున్నవా? చికున్‌గున్యా జ్వరము వచ్చినదా? ఈ తుది ప్రశ్నకు మన ప్రాంతమున అర్థము కలదు. 2005 చివరను, 2006లోను ఆ జ్వరము మన జిల్లాలలో వ్యాపించినప్పుడు, జ్వరము తగ్గిన పిమ్మట కూడ నెలల తరబడి వ్రేళ్ళ కీళ్ళు పట్టివేసి బాధపడినవారిని మనమందరము చూచితిమి.

ఆ ప్రశ్నలలోని మర్మమును ఆయనయే విప్పి చెప్పినారు. ప్రొద్దుటి బిగువు అరగంట, గంట దాటి నిలుచుట, రెండు చేతుల కీళ్ళును వాచుట, ఆ కీళ్ళు మెత్తగా వేడిగా తగులుట, అలసట, కొద్ది జ్వరము: ఇవి యున్నచో అది వాద్యమువలన వచ్చిన నొప్పి కాకపోవచ్చును, రుమటాయిడ్ జాతి కీళ్ళవ్యాధి కావచ్చును. అది ముసలివారికే వచ్చునను మాట పొరపాటు. పదునారేండ్ల లోపు పిల్లలకును ఆ జాతి వ్యాధులు వచ్చును. ఆలసింపక మందులు మొదలుపెట్టినచో కీళ్ళు పాడుకాకుండ కాపాడుకొనుటకు నేడు మంచి అవకాశము కలదు. ఆలస్యమైనచో అరిగిన కీలు మరల మొలవదు. బొటనవ్రేలు, చూపుడు, నడిమి వ్రేళ్ళు తిమ్మిరెక్కుచున్నచో మణికట్టులో నరము నొక్కుకొనుచున్నదని అనుమానింపవలెను. మడచిన వ్రేలు చిక్కుకొనిపోయి, తరువాత టక్కున విడివడుచున్నచో స్నాయువు దాని పట్టీక్రింద తట్టుకొనుచున్నదన్నమాట. వీనిలో ఏది కనబడినను ఇంటివైద్యముతో కాలము గడపరాదు.

మావాని బిగువు పది నిమిషములదే. ఒక్క కీలే. రక్తపరీక్షలో దోషము లేదు. అప్పుడు ఆయన అడిగిన ప్రశ్న నాకు మిక్కిలి నచ్చినది: "నొప్పికి ముందు ఏమి మారింది?" కుఱ్ఱవాడు కొంచెమాలోచించి చెప్పినాడు. అక్టోబరులో బృందములో చేరినాడు. దినమునకు ఒక గంట సాధన నాలుగు గంటలైనది. అప్పుడే ఒక పాత వాద్యమును చౌకగా కొన్నాడు. అంతటితో రోగము తెలిసిపోయినది. కీలు ప్రక్కల నున్న బంధనములును, స్నాయువు పొరయును ఓర్వగలిగినదానికంటె హెచ్చు పని వానిపై పడినది.

చికిత్స సామాన్యమే. రెండు వారములు ఎడమచేతితో తీగ నొక్కరాదు. అయినను వ్రేలిని కట్టిపడవేయరాదు, గోరువెచ్చని నీటిలో మెల్లగా మడచుచు చాచుచు నుండవలెను. పనిచేయునప్పుడు దానిని ప్రక్కవ్రేలికి జతచేసి మెత్తని పట్టీ చుట్టుకొనవచ్చును. నొప్పిబిళ్ళలు అయిదు దినములు మాత్రము, అవియు అన్నము తిన్న తరువాత. బిళ్ళ మ్రింగి నొప్పి తెలియకుండ చేసికొని వాయించుట అన్నిటికంటె అపాయకరమని ఆయన రెండుమారులు చెప్పినారు. కుఱ్ఱవాడు తలవంచుకొన్నాడు, డిసెంబరులో వాడు చేసినది అదియే.

అటుపిమ్మట వాద్యమునకు వైద్యము. గిటార్లు బాగుచేయు నొకరికి చూపగా, పండ్రెండవ మెట్టువద్ద తీగకును మెట్టునకును నడుమ నాలుగు మిల్లీమీటర్ల ఎత్తున్నదని కొలిచి చెప్పినాడు. మెడలోని ఉక్కుకడ్డీని సవరించి, బ్రిడ్జిని దించి, రెండున్నర మిల్లీమీటర్లకు తెచ్చినాడు. తీగలు కొంచెము సన్ననివి వేసినాడు. అరగంట పని. అన్ని నెలలు ఆ పిల్లవాడు వాద్యముతో గాక దాని లోపముతో పోరాడినాడు. క్రొత్తగా వాద్యము కొను పిల్లల తల్లిదండ్రులకు నేను చెప్పదలచిన ముఖ్యమైన మాట యిది: రంగు, పేరు చూచుటకు ముందు తీగ యెత్తు చూపింపుడు. చేతులు చిన్నవైనచో ముప్పది అంగుళముల పొడవుగల బేస్ గిటార్లును దొరకును. అవి పిల్లల ఆటవస్తువులు కావు.

వాయించు పద్ధతిలో మార్పునకు హెచ్చు కాలము పట్టినది. తీగపై వ్రేలిని ఊరక ఆనించి, కుడిచేత మీటుచు, ఒత్తిడిని కొద్ది కొద్దిగా పెంచవలెను. మొదట ధ్వని రాదు, పిదప గరగరలాడును, ఒకచోట స్పష్టముగా పలుకును. ఆ ఒత్తిడి చాలును. అంతకుమించినదంతయు కీలు భరించు వృథాభారము. మెట్టునకు దూరముగా నొక్కినచో బలము హెచ్చు కావలెను. మెట్టునకు వెనుక, దగ్గరగా నొక్కినచో తక్కువ చాలును. మొదటి మెట్లవద్ద నాలుగు వ్రేళ్ళను చాపుట మాని, డబుల్ బేస్ వాద్యకులవలె చూపుడు, నడిమి, చిటికెన వ్రేళ్ళతో మూడు మెట్లనే పట్టి, ఉంగరపువ్రేలిని చిటికెనవ్రేలికి తోడుగా ఉంచవలెను. తరువాతి మెట్టునకు చేతినే జరపవచ్చును. పైకి పోయినకొలది మెట్లు ఇరుకగును. పండ్రెండవ మెట్టు దాటిన పిమ్మట నాలుగు మెట్లును మూడున్నర అంగుళములలో ఇమిడిపోవును. అచట నాలుగు వ్రేళ్ళును హాయిగా వాడుకొనవచ్చును.

కుడిచేతి విషయమున నాకు మా వృత్తియే జ్ఞప్తికి వచ్చినది. క్రొత్తగా ప్రసంగించుటకు వచ్చినవారు మైక్రోఫోను ముందు సభలో మాటలాడినట్లు బిగ్గరగా మాటలాడుదురు. ధ్వని పెంచుటకు లోపల మనిషి యున్నాడని చెప్పినగాని గొంతు తగ్గింపరు. బేస్ గిటారుకును వెనుక ఆంప్లిఫయరు కలదు. మెల్లగా మీటి, బొత్తము త్రిప్పి ధ్వని పెంచుకొనవచ్చును.

పాశ్చాత్య సంగీతచరిత్రలో వ్రేళ్ళ కథలు విషాదకరములు. జర్మను స్వరకర్త రాబర్టు షూమన్ 1830 తరువాతి యేండ్లలో కుడిచేతి వ్రేలు చెడి పియానో వాద్యకుడు కాదలచిన సంకల్పమును విడిచినాడు. కారణమును గూర్చి పండితులకు నేటికిని ఏకాభిప్రాయము లేదు. అమెరికా పియానో విద్వాంసుడు లియన్ ఫ్లైషరు 1960 దశకము నడుమ కుడిచేతి వ్రేళ్ళు ముడుచుకొనిపోగా, దాదాపు మూడు దశాబ్దులు ఎడమచేతి రచనలతోను, వాద్యబృంద నిర్వహణముతోను గడపినాడు. అది కీలునొప్పి కాదు, మెదడునకును కండరములకును సంబంధించిన వేరొక జబ్బు. ఈ కథలను మావానికి చెప్పలేదు. వాడు అప్పటికే భయపడియుండెను.

మార్చి కచేరీలో వాడు వాయింపలేదు. బృందమువారు వేరొక అబ్బాయిని పెట్టుకొన్నారు. వ్రేలినొప్పికంటె అది వానిని హెచ్చుగా బాధించినది. నాలుగు దినములు ఎవరితోను సరిగా మాటలాడలేదని అక్క ఫోనులో చెప్పినది. ఆ మాట చెప్పునప్పుడు, గిటారు అమ్మివేయుమని మాత్రము ఆమె అనలేదు. రెండు వారములైన తరువాత దినమునకు పది నిమిషములతో మొదలుపెట్టినాడు. వారమునకు అయిదేసి నిమిషములు పెంచుకొనుచు, ముందు చేతులు వెచ్చజేసికొని, ప్రతి ఇరువది నిమిషములకు అలారము పెట్టుకొని విరామము తీసికొనుచు వచ్చినాడు. తీగ నొక్కరాని రోజులలో పాటలు విని స్వరములు వ్రాసికొనుట అలవాటైనది. అది మునుపు లేని విద్య.

జూలైనాటికి మరల బృందములో రెండు పాటలకు వాయించుచుండెను. మూడవ పాట ఆ రెండవ అబ్బాయిది. అందులో మొదటి మెట్లవద్ద చేయి మిక్కిలి చాపవలసియుండునట. పట్టీ నాలుగంగుళములు కురచ చేయుమన్నచో రెండంగుళములు చేసినాడు. చలిగాలి వీచినప్పుడు ఆ కీలు ఇంకను కొంచెము బిగియునని, అప్పుడు ఆ స్వరమును నడిమివ్రేలితో పట్టుచున్నానని ఫోనులో చెప్పినాడు.