టెలివిజన్ రికార్డరు – మన ఇండ్లు

(ఉగాది సభలో చేసిన ప్రసంగము)

మన ఉగాది, మరాఠీ సోదరుల గుడీ పాడ్వా ఒకే దినమున రావడము ఈ ఊరిలో మనకు దొరికిన సౌకర్యము. సెలవు కొరకు ఎవరినీ బతిమాలనక్కర లేదు. మాతృభాషను కాపాడుకోవలెనని ఈ వేదిక మీద పెద్దలు ఏటేటా చెబుతున్నారు. మేము ఆ మాటనే ఒక చిన్న పరికరమును పట్టుకొని చెప్పదలచినాము. అది టెలివిజన్ కార్యక్రమములను ఇంటిలో పట్టి ఉంచే రికార్డరు.

కరీంనగరు నుండి, నల్లగొండ నుండి, పాలమూరు నుండి మన పెద్దలు మగ్గమును నమ్ముకొని ఇక్కడికి వచ్చినారు. భాష వారి వెంటనే వచ్చినది. ఇప్పుడు భవానీ పేటలో ఒక ఇల్లు చూడండి. తండ్రి సాంచల మీద పాళీకి పోతాడు. తల్లి తునికాకు చాట ఒడిలో పెట్టుకొని సాయంత్రము దాకా బీడీలు చేస్తుంది. పిల్లలు మరాఠీ బడికి, అక్కడి నుండి ట్యూషనుకు పోతారు. తెలుగు కార్యక్రమము వచ్చే వేళకు పెట్టె ముందర ఎవరూ ఉండరు. అందరూ కూడిన వేళకు హిందీ సీరియలు వస్తుంది. తెలుగు మన మిద్దె మీది డిష్షు దాకా వచ్చి, ఇంటిలోనికి రాకుండానే పోతున్నది. ఆ వేళను మన వేళకు మార్చడమే రికార్డరు చేసే పని.

దూరదర్శన్ వారు హైదరాబాదు నుండి తెలుగు ప్రసారములు 1977లో ప్రారంభించినారు. హైదరాబాదు మనకు సుమారు 300 కిలోమీటర్లు. టవరు ప్రసారము అంత దూరము రాదు. యాంటెన్నాను ఎటు తిప్పినా తెలుగు దొరకలేదు. 1980 తరువాత వీడియో క్యాసెట్లు వచ్చినవి. పెట్టెను ఒక రాత్రికి అద్దెకు తెచ్చి, వీధిలో చద్దరు పరచి, తెల్లవారే దాకా తెలుగు సినిమాలు చూసినామని పెద్దలు ఇప్పటికీ చెప్పుకుంటారు. అసలు మార్పు 2004 డిసెంబరులో వచ్చినది. దూరదర్శన్ డిష్షు మొదలైనది. దానినే నేడు ఫ్రీ డిష్ అంటున్నాము. నెలనెలా చందా లేదు. రాష్ట్రము విడిపోయిన 2014 నుండి అందులో యాదగిరి, సప్తగిరి అని రెండు తెలుగు చానెళ్ళు ఉన్నవి.

ఇక టవర్ల సంగతి. పాత టవర్లలో ఎక్కువ భాగము 2022 మార్చి నాటికి మూతపడినవి. 2016లో 16 నగరములలో పెట్టిన కొత్త డిజిటల్ ప్రసారములో ముంబాయి, ఔరంగాబాదు ఉన్నవి గాని షోలాపురము లేదు. కావున మనకు గాలిలో వచ్చే టెలివిజన్ అంటే డిష్షే.

ఫ్రీ డిష్ పెట్టెలలో చాలావాటికి పెన్ డ్రైవు పెట్టే చోటు ఉంటుంది. రిమోటు మీద ఎర్రని గుర్తు గల మీట నొక్కితే రికార్డు అవుతుంది. గంట కార్యక్రమమునకు ఒకటి రెండు జీబీలు పడుతుంది. 32 జీబీల పెన్ డ్రైవులో పదిహేను గంటలకు తక్కువ కాకుండా పడుతుంది. టైము ముందుగా పెట్టి పనికి పోవచ్చు, గాని గోడ మీది స్విచ్చి ఆర్పకూడదు. మన ఇండ్లలో పోయేవారు అన్ని స్విచ్చులూ ఆర్పి పోతారు, ఇది మంచి అలవాటే, ఇక్కడ మాత్రము పనికిరాదు. ఒక చానెలు రికార్డవుతుండగా వేరొకటి చూడడము చిన్న పెట్టెలలో సాధారణముగా కుదరదు. క్రికెట్టు ఉన్న దినము ఇంటిలో తగవు తప్పదు. పెద్ద వాన పడితే బొమ్మ ముక్కలు ముక్కలవుతుంది, రికార్డులోనూ అట్లే ఉంటుంది.

కొనేవారికి మా సలహా ఒకటే. పెన్ డ్రైవు జేబులో పెట్టుకొని దుకాణమునకు పోవలెను. ఐదు నిమిషములు రికార్డు చేయించి, దానిని వేరే టీవీలోనో కంప్యూటరులోనో పెట్టి చూడవలెను. అక్కడ ఆడకపోతే ఆ రికార్డు మనది కాదు, పెట్టెది. పెట్టె చెడిన నాడు అదీ పోతుంది. చందా డిష్షుల రికార్డరులకు చాలావరకు ఇట్టి తాళమే ఉంటుంది.

ఈ తాళము గొడవ అమెరికాలో పెద్దదైనది. అక్కడ 2017లో ఏటీఎస్‌సీ 3.0 అనే కొత్త ప్రసార పద్ధతికి ప్రభుత్వ అనుమతి వచ్చినది. బొమ్మ మెరుగే. గాని చాలా స్టేషన్లు ప్రసారమునకు తాళము వేసినవి. అంతకు ముందు ఉచితముగా రికార్డు చేసుకున్న ఇండ్లవారు, కొత్త రికార్డరు కొని కూడా ఆ స్టేషన్లను పట్టలేకపోయినారు. మన దేశములో ఫోనుకే నేరుగా టెలివిజన్ పంపే ప్రయత్నమునకు ఆధారము ఆ పద్ధతియే. ప్రసార భారతి, కాన్పూరు ఐఐటీ కలిసి పరీక్షలు జరిపినవి. అది మన పేటకు వచ్చిన నాడు బొమ్మ ఎంత బాగున్నదని కాక, దాచుకొననిస్తారా అని మొదట అడగవలెను.

ఫోనులో అన్నీ ఉండగా ఇదంతా ఎందుకని యువకులు అంటారు. ఫోను ఒక్కరి చేతిలోనిది. అవ్వ ఒక మూల, పిల్లవాడు ఒక మూల కూర్చుంటే ఎవరి మాట ఎవరికి వినపడుతుంది? ఇంతకన్న బరువైన ఆక్షేపణ ఒకటి ఉన్నది. టీవీ తెలుగు మన తెలుగు కాదు. మన మాటలో సగము మరాఠీ. టీవీ చూసి నేర్చిన పిల్ల అవ్వ మాటకు నవ్వుతుంది. ఇది నిజము, దీనికి రికార్డరు ఒక్కటే చాలదు. మా గల్లీలో ఒక ఇంటివారు అవ్వ చెప్పే కథలను ఫోనులో పట్టి అదే పెన్ డ్రైవులో వేసినారు. రాత్రి టీవీలో యాదగిరి కార్యక్రమము తరువాత అవ్వ వస్తుంది. పిల్లలు ముందు నవ్వినారట, తరువాత మళ్ళీ పెట్టమన్నారట. ఆ ముసలమ్మ మాత్రము తన గొంతు తనది కాదని ఇప్పటికీ వాదిస్తున్నది.

చట్టము సంగతి కొందరు అడిగినారు. సొంత వాడుక కొరకు ప్రసారమును రికార్డు చేసుకోవడము తప్పు కాదని 1957 కాపీరైటు చట్టము 39వ సెక్షను చెబుతున్నది. నకళ్ళు తీసి పేటలో అమ్మడము, టిక్కెట్టు పెట్టి చూపడము వేరు సంగతి. ఆ జోలికి పోవద్దు.

సంఘము గదిలో ఒక పెట్టె అమర్చినాము. వచ్చే ఆదివారము సాయంత్రము దానిని చూపుతాము. తల్లులు తప్పక రావలెను, రిమోటు వారి చేతిలోనే ఉంటుంది గనుక. ఎవరి పెన్ డ్రైవు వారు తెచ్చుకోవలెను.